గజ్జెల తాత కాలికి బ్యాటరీ కట్టిన సంగతి

ఇరవయ్యేళ్ల వయసులో చేతిలో ఒక స్క్రూడ్రైవరూ, విప్పడానికి ఎదురుగా ఏదో ఒక డబ్బా ఉంటే చాలు, లోకంలో మనం బాగుచేయలేనిది లేదనిపిస్తుంది. నాకు ఆ జబ్బు బాగా ముదిరిన కాలం అది. ఉరవకొండ బస్టాండు దగ్గర ఒక మొబైల్ రిపేరు షాపులో పనిచేసేవాణ్ని. పనిచేసేవాణ్ని అంటే గొప్పగా ఉంది గానీ, ఫోన్లు విప్పడం నా పని, బిగించడం ఓనరన్న పని. (నేను బిగిస్తే ప్రతిసారీ రెండు స్క్రూలు మిగిలేవి. వాటిని ఒక సీసాలో దాచేవాణ్ని. సీసా సగం నిండేసరికి అన్న నాచేత బిగించడం మాన్పించాడు.) అలాంటివాణ్ని, మా అక్క కోసం ఒక యంత్రం తయారుచేస్తానని ఊరందరి ముందూ మాటిచ్చేశాను.

అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. మన పెదాలు చూసి మాట పట్టుకుంటుంది, జవాబు చేతులతో చెబుతుంది, కోపమొస్తే అదే చేతులతో వీపు మీద కూడా చెబుతుంది. శెనక్కాయలు ఏరే పని నుంచి రాగానే ముఖం కడుక్కుని రచ్చబండ దగ్గరికి పరుగెత్తేది. అక్కడ సాయంత్రాలు ఆడవాళ్ల చెక్కభజన నేర్పేవారు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, పాటకూ మద్దెలకూ అడుగులేస్తూ గుండ్రంగా తిరగడమే చెక్కభజన. అక్క చిన్నప్పటినుంచీ పక్కన నిలబడి అడుగులన్నీ నేర్చేసింది. చిక్కల్లా ఒకటే. ముందున్నవాళ్లను చూసి వేస్తుంది కాబట్టి అడుగు కొంచెం వెనక పడేది. అందరూ వీపులు తిప్పి బయటికి తిరిగే మలుపులో చూడటానికి ఎవరూ ఉండరు, అక్కడ పూర్తిగా తప్పిపోయేది.

ఆ ఏడు జట్టులో ఒకామె కూలి పనులకు బళ్లారి వెళ్లడంతో ఒక చోటు ఖాళీ అయింది. అక్క నేరుగా వెళ్లి గురువు ముందు నిలబడింది. గురువును ఊరంతా గజ్జెల తాత అనేవాళ్లు. కుడికాలికి గజ్జె కట్టి ఆయన ఒక్క అడుగు వేస్తే అదే తాళం, అదే చట్టం. ఆయన అక్కను పైనుంచి కిందికి చూసి, వెంట వెళ్లిన నాతో అన్నాడు.

"ఏమప్పా మొబైలు, మీ అక్క బాగా ఆడతాది, నేను కాదనను. తాళం ఇనపడకపోతే ఎట్ల? పక్కోళ్ల కాళ్లు తొక్కుతాది."

"ఇనపడేట్ల చేస్తా తాతా. చెవికి కాకపోతే ఒంటికి తెలిసేట్ల చేస్తా."

"దేవుని తేరుకు ఇంక పన్నెండు దినాలే ఉండాయి. అంతలోపల ఆ మలుపు తప్పకుండా తిరిగితే చోటు మీ అక్కదే. లేకుంటే పక్కూరి పిల్లను పిలిపిస్తా."

ఇంటికొచ్చేదాకా అక్క నా చొక్కా పట్టుకుని నడిచింది. చేస్తావా అని దారిలో నాలుగుసార్లు అడిగింది. చేస్తానని నాలుగుసార్లూ తలూపాను. ఎలా చేయాలో ఒక్కసారికీ తెలియదు.

పాడైన కీప్యాడు ఫోన్లలోంచి వణికే మోటార్లు ఎనిమిది పీకాను. ఒక్కొక్కటి శెనగ్గింజంత ఉంటుంది. వాటిని అమ్మ నడుము నొప్పి బెల్టులో వరసగా కుట్టాను. ("నా బెల్టు యాడరా?" అని అమ్మ ఇల్లంతా వెతుకుతుంటే నేనూ ఆమెతో కలిసి వెతికాను.) రిమోటు కారు బొమ్మ ఒకటి విప్పి, దాని సర్క్యూటుతో వైరు లేకుండా తాళం బెల్టుకు చేరేలా చేశాను. ఒక చిన్న మైకు పెట్టి, మొదటి రోజు రచ్చబండ దగ్గర బెల్టు అక్క నడుముకు కట్టాను. ఆన్ చేయగానే అక్క కళ్లు ఇంతలేసి అయ్యాయి. ఆనందంగా అడుగులు మొదలుపెట్టింది. ఎంత చక్కగా, ఎంత బిగువుగా ఆడిందో! కానీ పాట ఇంకా మొదలే కాలేదు. పక్కనే ఉన్న పిండిమర తాళానికి ఆడింది మా అక్క. ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక చెక్కలు కింద పడేశారు. నాయన దూరం నుంచి చూసి, "వీనికి పిండిమరలోనే పని చూడల్ల," అని వెళ్లిపోయాడు.

మైకు పనికిరాదని తేలింది. తట్టును మాత్రమే పట్టుకునేది కావాలి. గ్రీటింగు కార్డులో పాట పాడే పలుచని ఇత్తడి బిళ్ల ఉంటుంది చూడండి, తట్టు తగిలితే దానికి తెలుస్తుంది. దాన్ని తాళం పుట్టేచోటే కట్టాలని నిర్ణయించాను. తాళం పుట్టేది గజ్జెల తాత కుడికాలి దగ్గర.

"గజ్జె కట్టే కాలురా ఇది! దండం పెట్టి ముట్టుకునే కాలు! దీనికి బ్యాటరీ కడతావా? నేనేమన్నా కరెంటు స్తంభమా?" అని తాత లేచాడు. నేను రెండు రోజులు ఆయన ఇంటి అరుగు దిగలేదు. ఆయన ఫోను బాగుచేశాను, టీవీ రిమోటు బాగుచేశాను, బాగానే ఉన్న గోడ గడియారం కూడా బాగుచేశాను. అది ఆగిపోయింది. "నువ్వు ఇంట్లో ఇంకేమీ ముట్టకుండా పోతానంటే కట్టుకుంటా," అని చివరికి కాలు చాపాడు.

ఇక చూడండి, అక్క అడుగు తాత అడుగుతో అచ్చంగా పడింది. ఆ మలుపు వచ్చేదాకా. మలుపులో మాత్రం అందరి చెక్కలూ ఒక్కసారి మోగితే అక్క చెక్క కొంచెం ఆగి మోగేది. సర్క్యూటులో ఆలస్యం ఉందనుకున్నాను. విప్పాను, సీసం కరిగించే వేడి కడ్డీతో మళ్లీ అతికించాను. మర్నాడూ అంతే. మోటార్లు మార్చాను, బ్యాటరీ మార్చాను, వేళ్లు కాల్చుకున్నాను. అక్క నన్ను ఆపి, తాత ఇంటివైపు చూపించి, తన కుడికాలు తట్టి, తప్పు అన్నట్టు చెయ్యి తిప్పింది. తాత కాలే తప్పుతోందని చెబుతోంది. నాకు స్పష్టంగానే అర్థమైంది. "గురువుకే తప్పు పట్టేంత దానివైనావా? కండ్లు పోతాయి!" అని కసిరి, ఐదోసారి విప్పాను. గజ్జెల తాత కాలు తప్పుతుందనే అనుమానం మా ఊళ్లో కుక్కలకు కూడా వచ్చేది కాదు. పైగా నాకు తాళజ్ఞానం సున్నా, పెళ్లి బ్యాండు వెంట నడిచినా అడుగు తప్పేవాణ్ని. అలాంటివాణ్ని, ఆ పన్నెండు రోజుల్లో, పాడవని వస్తువును తొమ్మిదిసార్లు బాగుచేశాను.

తేరు ముందురోజు ఆఖరి సాధన. మలుపు వచ్చింది. అక్క ఆలస్యంగా తిరిగి పక్కనున్న పిన్ని మోచేతికి చెక్కతో గట్టిగా తగిలించింది. తాత పాట ఆపేశాడు.

"ఇది కుదరదప్పా. పక్కూరికి కబురు పెట్టండి."

"తప్పు మిషన్‌ది తాతా! ఈ ఒక్క రాత్రి టైమియ్యి, కాళ్లు పట్టుకుంటా!" అన్నాను.

అక్క మా ఇద్దరి పెదాలూ చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బెల్టు విప్పి, తిన్నగా తాత దగ్గరికి వెళ్లి, ఆయన నడుముకు కట్టేసింది. ఆయన కాలి బిళ్ల ఊడదీసి, మద్దెల వాయించే మామ దగ్గరికి పోయి మద్దెలకు అంటించింది. పాడు అని తాతకు సైగ చేసింది. అందరూ నోళ్లు తెరిచి చూస్తున్నారు. తాతకు ఏం తోచిందో, పాట ఎత్తుకున్నాడు. మలుపు దగ్గర మద్దెల మోగింది, బెల్టు ఆయన నడుమును కుదిపింది, ఆ తర్వాత కాలు కింద పడింది. తాత ఆగాడు. మళ్లీ పాడాడు. మళ్లీ నడుము ముందు, కాలు తర్వాత.

ఆయన మెల్లగా రచ్చబండ మీద కూర్చున్నాడు. "ఎన్ని దినాలనుంచిరా ఇట్ల?" అన్నాడు.

మామ మద్దెల వైపే చూస్తూ అన్నాడు. "పోయిన తేరు నుంచి అన్నా. మోకాలు పట్టినప్పటినుంచి మలుపులో నీ కాలు ఆలస్యంగా పడతాంది. మేం మద్దెలను బట్టి సర్దుకుంటాండాం."

"నాకు చెప్పలేదేమిరా?"

"నీకు ఎట్ల చెప్పేదన్నా?"

"చెవులుండేవాళ్లు ఇంతమంది ఉండి, ఈ పాప చెప్పాల్సొచ్చినాదే నాకు," అన్నాడు తాత. వంగి గజ్జె విప్పి తువ్వాలులో చుట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. తాత లేచి అక్క తల మీద చెయ్యి పెట్టి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాడు. "రేపు పొద్దున్నే రా. బిళ్ల మద్దెలకే ఉండనీ."

తేరు రోజు తాత ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాడాడు. అక్క జట్టులో ఆడింది. మలుపు రాగానే నేను కళ్లు మూసుకున్నాను. పదహారు చెక్కలు ఒక్క చెక్కలా మోగాయి. (తర్వాత ఒక మోటారు కుట్టు ఊడి పక్కటెముకల దగ్గర గిలిగింతలు పెట్టిందట. అందుకే ఫొటోల్లో మిగతావాళ్లంతా భక్తిగా ఉంటే మా అక్క ఒక్కతే పకపకా నవ్వుతూ ఉంటుంది.)

ఇప్పుడు నాకు సొంత షాపుంది. బిగించడం కూడా వచ్చింది. వేళ్లు కాల్చుకుంటూ, పళ్లు బిగించి, బాగున్నదాన్నే మళ్లీ మళ్లీ విప్పుతున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తే జాలీ, ముద్దూ రెండూ కలుగుతాయి. ఎదురుపడితే పని గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. ఆ వేడి కడ్డీ కింద పెట్టి, మీ అక్క ఏం చెబుతోందో కాస్త చూడరా అంటాను. వింటాడన్న నమ్మకం మాత్రం నాకు లేదు.