పెనుకొండ దాటకముందే

మా క్లబ్బుకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఫ్యాన్లు మాత్రం నాలుగున్నాయి, అవీ రైలువాళ్ళవి. హిందూపురం నుంచి ధర్మవరం పోయే పొద్దుటి ప్యాసింజరులో, ఆడవాళ్ళ పెట్టెలో, కిటికీల పక్కనున్న సీట్లే మా సభాస్థలం. అక్కడ టీచర్లు, నర్సులు, గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ మధ్య నేను. ధర్మవరంలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని పట్టుచీరలకు ఫాల్ కుడతాను, కొంగులకు కుచ్చులు కడతాను. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మా లెక్కల సారూ నేనూ ఒకే రోజు బడి వదిలిపెట్టాం. ఆయన బదిలీ మీద పోయాడు, నేను బర్రెల వెంట పోయాను.

క్లబ్బు చరిత్ర రాయమని అందరూ కలిసి నన్ను పట్టుకున్నారు. చదువుకున్నవాళ్ళు రాస్తే అర్జీలా ఉంటుందట. సరే, నాకు తెలిసిన చరిత్ర ఇది.

మొదలయింది ఒక మరుగుదొడ్డి తలుపు దగ్గర. మేము రోజూ పోయే దారిలో ఒక బస్టాండు ఉంది. అక్కడ ఆడవాళ్ళ దొడ్డికి లోపల గడియ ఉండేది కాదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. అందుకని చాలామంది పొద్దున ఇంట్లో తాగిన నీళ్ళే, మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. ఒకరోజు నేను ఎవరో తెలియని ఒకామెకు తలుపు పట్టుకున్నాను. ఆమె బయటికి వచ్చి, చీర సర్దుకుని, నా పేరు కూడా అడగకుండా, "సంతకం చేసేది వస్తాదా నీకు?" అంది.

"వస్తాది. యాల?"

"అర్జీ రాస్తాండా. ఈ గడియ కోసరం."

ఆమె పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ తర్వాత మేమంతా ఆమెను పెద్దమేడం అనడం మొదలుపెట్టాం. ఆమె ఎన్ని అర్జీలు రాసిందో ఆమెకే లెక్క తెలియదు. చివరికి విసిగిపోయి ఎవరో వచ్చి గడియ బిగించి పోయారు. ఆ రోజు రైల్లో లడ్లు పంచుకున్నాం. తలుపు గడియకు లడ్లు పంచిన సంఘం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. తర్వాత స్టేషను నుంచి బజారుకు పోయే సందులో లైటు, ప్లాట్‌ఫారం మీద కొళాయి, చంటిపిల్లల తల్లులకు ఒక మూల తెర. ఇంతకన్నా పెద్ద పనులు మేము చేయలేదు. చేశామని రాయమన్నా రాయను.

మా పద్ధతులు రెండే. ఒకటి, ఏ తీర్మానమైనా పెనుకొండ దాటకముందే అయిపోవాలి. పెనుకొండలో సగంమంది దిగిపోతారు. మిగతా సగం ఆ తర్వాత ఏం నిర్ణయించినా అది కబుర్ల కిందే లెక్క. అందుకే మా దగ్గర ఉపన్యాసాలు లేవు. సోమందేపల్లి దగ్గర ఎవరైనా గొంతు సవరించుకుంటే నర్సమ్మ, "తొందరగా కానీ అక్కా, కొండ కనిపిస్తాండాది" అనేది.

రెండో పద్ధతికి ఒక కథ ఉంది. క్లబ్బుకు కొంచెం పేరొచ్చాక ఒక కాంట్రాక్టరు భార్య స్టేషనుకు కారులో వచ్చి, మాతో పాటు రైలెక్కి, "నన్ను అధ్యక్షురాలిని చేస్తే మా ఆయన మీకు రూము కట్టిస్తాడు" అంది.

పెద్దమేడం నెమ్మదిగా అడిగింది. "మీరేం పని చేస్తారమ్మా?"

"మా ఆయన కాంట్రాక్టులు..."

"ఆయప్ప సంగతి అడగలేదు నేను."

ఆమె మరుసటి స్టేషనులో దిగి, కారు రప్పించుకుని వెళ్ళిపోయింది. ఆ పూటే పెద్దమేడం మినిట్సు పుస్తకంలో రాసింది: జీతానికో, కూలికో, సొంతంగానో పని చేస్తున్నవారే సభ్యులు, పని ఆగిన రోజు సభ్యత్వం ఆగుతుంది. అందరం చేతులెత్తాం. రిటైర్మెంటు అనేదొకటి ఉంటుందని ఆ రోజు ఒక్కరికీ తోచలేదు. మేమంతా ఎప్పటికీ అదే వయసులో, అదే సీట్లలో కూర్చుంటాం అనుకున్నామేమో.

పెద్దమేడం రిటైరయింది. రైల్లోనే శాలువా కప్పాం, దండ వేశాం. దండ కిటికీకి తగులుకుని సగం పూలు సోమందేపల్లి పొలాల్లో పడ్డాయి. ఆమె మినిట్సు పుస్తకాన్ని కొత్త అధ్యక్షురాలైన టీచరమ్మ చేతిలో పెట్టి, "పొయ్యొస్తా" అని పెనుకొండలో దిగింది. మేము చప్పట్లు కొట్టాం. ఎంత తెలివితక్కువ చప్పట్లో తర్వాత తెలిసింది.

మరుసటి సోమవారం నేను ఆలస్యంగా స్టేషనుకు వచ్చి, కదులుతున్న రైల్లో చేతికందిన పెట్టె ఎక్కాను. అది జనరల్. ఆడవాళ్ళ పెట్టెకూ దానికీ మధ్య ఒక రేకు గోడ, గోడ పైభాగంలో ఇనుప జాలీ. ఆ గోడకు ఆనుకుని పెద్దమేడం కూర్చునుంది. ఒళ్ళో టిఫిను బాక్సు.

"యాడికి మేడం?"

"పెనుకొండకు. పెన్షను కాగితాల పని ఉండాది."

"రాండి, ఆ పక్క కూర్చుందాం."

"నేను రాకూడదు. మెంబరును కాదు."

నవ్వులాటకు అంటోందనుకున్నాను. మరుసటి రోజు కావాలనే జనరల్ ఎక్కాను. అదే గోడ, అదే బాక్సు. ఈసారి ఎవరో చుట్టాలను చూసే పని. బుధవారం గుడి. గురువారానికి నాకు ఓపిక చచ్చింది.

"మేడం, మీ చుట్టాలకు, మీ దేవునికి, మీ పెన్షనుకు అందరికీ పొద్దున ఇదే రైలేనా కుదిరేది?"

ఆమె నవ్వలేదు. రైలు పెనుకొండలో ఆగింది. ఆమె దిగింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె ఊళ్ళోకి పోలేదు. వంతెన ఎక్కి అవతలి ప్లాట్‌ఫారం మీదికి పోయి, హిందూపురం పోయే రైలు కోసం బెంచీ మీద కూర్చుంది.

శుక్రవారం ఆమె పక్కన ఊరికే కూర్చున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నా సంగతి తెలిసినవాళ్ళు దీన్ని నమ్మరు. చివరికి ఆమే చెప్పింది.

"ఈడ కూర్చుంటే మీ మీటింగు సగం వినిపిస్తాది. ఎవరు ఏం అడిగేది వినిపిస్తాది. ఏం తీర్మానం చేసేదే వినిపించదు. ఆ ఫ్యాను గడగడ అంటాది సూడు."

ఆ మాటతో నా నోట్లో ఉన్న జోకు కాస్తా నేనే మింగేశాను.

మరుసటి రోజు ఆడవాళ్ళ పెట్టె ఎక్కి, సంగతి నేనే అందరికీ చెప్పాను. అందరూ ఒక్కసారిగా లేచారు. నియమం మార్చేద్దాం, రిటైరైనవాళ్ళు కూడా ఉండొచ్చని రాద్దాం అన్నారు. టీచరమ్మ పుస్తకం తెరిచింది కూడా. జాలీ అవతలి నుంచి గొంతు వినిపించింది.

"నా కోసరం మార్చొద్దండి."

"యాల మేడం?" అంది టీచరమ్మ జాలీ వైపు తల ఎత్తి.

"నా కోసరం మారిస్తే, ఆ కారామె చేసిన తప్పేంది? ఆమెకు మొగుడు ఉండాడు, నాకు మీరు ఉండారు. అంతేనా తేడా?"

టీచరమ్మ తెరిచిన పుస్తకం మూసేసింది. జనరల్ పెట్టెలోని మగవాళ్ళు రేకు గోడతో మాట్లాడుతున్న ఆమెను వింతగా చూశారట. తర్వాత ఆమే చెప్పింది.

నా దగ్గర పని ఎక్కువై, చేతులు తక్కువై ఉన్న రోజులవి. ఆ సాయంత్రమే హిందూపురంలో ఆమె ఇంటికి పోయాను. కుచ్చులు కట్టేదానికి మనిషి కావాలన్నాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, తనను ఇంటర్వ్యూ చేయమంది.

"నేనా? మిమ్మల్నా?"

"పనిలోకి తీసుకునేది నువ్వు కదా."

"సరే. ఇంతకుముందు యాడన్న చేసినారా?"

"ఫైళ్ళు కట్టినాను. దారంతోనే."

"చెప్పిన మాట ఇంటారా?"

"అది కష్టం."

"నిజం చెప్పినారు కాబట్టి తీసుకుంటాండా."

వెంటనే ఆమె వేలు చూపించింది. "పేరుకు పని ఇయ్యొద్దు. నాకు రాకపోతే తీసెయ్యాల. తీసెయ్యకపోతే నేనే మానేస్తా."

కుచ్చులు కట్టడం చూసేవాళ్ళకు సులభంగా ఉంటుంది. కొంగు చివర వదిలిన పట్టుపోగులను సమానంగా విడదీసి, తడి వేళ్ళతో మెలేసి, ముడి వేయాలి. ఒక ముడి పైకి, ఒకటి కిందికి పోతే కొంగు పళ్ళూడిన నోరులా ఉంటుంది. పెద్దమేడం మొదటి చీర మొత్తం అలాంటి నోరే. ఆమె మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నేను ఆ ముడులు విప్పి మళ్ళీ కట్టాను. రెండో చీరకు సగం విప్పాను. మూడో చీరకు ముడులు కుదిరాయి. నేను సంతోషించి పక్కనున్న కొట్టు నుంచి టీ తెప్పించాను.

టీ తాగుతూ చీర మడత చూస్తే కొంగుకు ఒక చిన్న కాగితం. దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో "కుచ్చులు సరిచూడబడినవి" అని, కింద పొట్టి సంతకం. ఆ కాగితాన్ని గుండుసూదితో గుచ్చింది. పట్టుకు. జరీ పక్కనే.

ముప్పై ఏళ్ళు కాగితాలకు సూదులు గుచ్చిన చెయ్యి అది. కొత్త పట్టుచీరకు సూది పెడితే రంధ్రం కనిపిస్తుందని మా వీధిలో నడక రాని పిల్లలకు కూడా తెలుసు.

నేను కాగితం తీశాను. సూది దిగిన చోట రెండు చుక్కలు. గోటి వెనకవైపుతో అటూ ఇటూ నెమ్మదిగా రాస్తే పోగులు మళ్ళీ దగ్గరికి వస్తాయి. చాలావరకు వచ్చాయి. ఆమె అంతసేపూ నా గోరునే చూస్తూ నిలబడింది. టీ చల్లారిపోయింది.

"ఇది రాస్తావా మీటింగులో?" అంది.

"రాసేది నేను కాదు కదా మేడం. టీచరమ్మ."

"అడిగితే చెప్తావు కదా."

"అడగకుండా ఉంటే బాగుణ్ణు అనుకుంటాండా."

"అడుగుతాది. నేను నేర్పిన పిల్ల ఆమె."

అడిగింది. నెల తిరిగాక పెద్దమేడం మళ్ళీ సభ్యత్వానికి అర్జీ పెట్టుకుంది. మా క్లబ్బులో రాతపూర్వకంగా అర్జీ పెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె జనరల్ పెట్టెలో, గోడ అవతల కూర్చుంది. రైలు హిందూపురం వదిలింది. టీచరమ్మ అర్జీ చదివి, నా వైపు తిరిగింది. ఆమె ముఖం చూస్తే ఆమెకూ ఆ ప్రశ్న ఇష్టం లేదని తెలుస్తోంది.

"పని చూపించేది నువ్వు కాబట్టి నిన్నే అడగాల. పేరుకు పెట్టుకున్నావా, నిజంగా పని చేస్తాదా?"

జీవితంలో నేను ఎగతాళి చేయకుండా జవాబు చెప్పిన ప్రశ్నలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది అందులో ఒకటి. మొదటి చీర మొత్తం విప్పానని చెప్పాను. రెండోది సగం. గుండుసూది సంగతి కూడా చెప్పాను. పెట్టెలో అందరూ అయ్యో అన్నట్టు నాలుకలు కొరుక్కున్నారు. ఆడవాళ్ళం కదా, పట్టుకు సూది అంటే మాకే గుచ్చుకుంటుంది.

"ఇప్పుడు?" అంది టీచరమ్మ.

"ఇప్పుడు నేను రెండు చీరలు కట్టేలోపల ఆమె ఒకటి కడ్తాది. నిదానం. అయితే విప్పే పని లేదు. ఆమె రాకపోతే నాకు ఆ దినం కష్టమే. ఇది ఆమె కోసరం చెప్పేది కాదు."

నర్సమ్మ కల్పించుకుంది. "మొదటి నెల నేను సూదేస్తే పేషెంట్లు గోడ దూకి పారిపోయిరి. నన్ను తీసేసినారా ఎవరన్నా?"

"నువ్వు గవర్నమెంటు, తీసేసేకి కుదరదు," అన్నాను నేను.

అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. "చేతులు," అంది.

లేచాయి. అన్నీ లేచాయో లేదో నేను చూడలేదు, ఎందుకంటే నేను జాలీ వైపు చూస్తున్నాను. ఫ్యాను గడగడలో తీర్మానం ఆమెకు వినబడదని గుర్తొచ్చి, లేచి వెళ్ళి ఇనుప జాలీ మీద వేళ్ళతో తట్టాను. అవతల ఆమె తల ఎత్తింది. రమ్మని చెయ్యి ఊపాను.

రైలు పెనుకొండలో ఆగగానే ఆమె జనరల్ పెట్టె దిగి, ప్లాట్‌ఫారం మీద నడిచి, మా పెట్టె ఎక్కింది. దిగేవాళ్ళంతా ఆమెకు దారి ఇవ్వడానికి ఆగారు. అన్నేళ్ళూ ఆమె ఆ స్టేషనులో దిగడమే చూశాం, ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కి, ఖాళీ అయిన సీట్లో కూర్చుని, టీచరమ్మను అడిగింది.

"వ్యతిరేకం ఎంతమంది?"

"ఒకరు."

"ఎవరు?"

"నేనే మేడం. మూడు నెలలన్న చూడాల అనుకున్నా."

పెద్దమేడం మినిట్సు పుస్తకం ఆమె ముందుకు జరిపింది. "రాసుకో, అది కూడా రాసుకో," అంది. టీచరమ్మ రాసుకుంది. రాస్తున్నంతసేపూ ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది, పెద్దమేడం మాత్రం ఆమె రాసే వాక్యంలో తప్పులు చూస్తూ ఉంది.

ధర్మవరంలో దిగి మేమిద్దరం నా గదికి నడిచాం. ఆ రోజు ఆకుపచ్చ చీర ఒకటి ఆమెకిచ్చాను, ఎర్రది నేను తీసుకున్నాను. మధ్యాహ్నానికి ఆమె చీర మడతపెట్టి పక్కన ఉంచి, చేతులు కడుక్కునేందుకు బయటికి పోయింది. అలవాటు కొద్దీ ఆ కొంగు విప్పి చూశాను. ఆరో ముడి వదులుగా ఉంది. గబగబా విప్పి, కట్టబోతున్నాను. ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి చూస్తోంది. తడి చేతులు పైటకు తుడుచుకుని వచ్చి కూర్చుని, నా ఒళ్ళోంచి చీర తన ఒళ్ళోకి లాక్కుని, ఆ ఆరో ముడితో పాటు ఐదోదీ ఏడోదీ కూడా విప్పడం మొదలుపెట్టింది.