టైర్ల బాబాయ్ చాపిన వేలు

ఒక్క వేలితో నిండు మైదానాన్ని కూర్చోబెట్టిన మొనగాడు ఈ భూమ్మీద టైర్ల బాబాయ్ ఒక్కడే. నమ్మనివాళ్ళు ఎక్కువ చదువుకుని పాడైపోయారని అర్థం.

బాబాయ్‌ది బస్సు డిపోలో టైర్లు మార్చే పని. ఆదివారాలు మాత్రం మెడలో ఈల వేసుకుని ఫుట్‌బాల్ రిఫరీ అవుతాడు. ఆ ఆదివారం బూటు లేసు కట్టుకుందామంటే వేళ్ళు మాట వినలేదు. పిన్నే వంగి ముడివేసింది.

"ఆడేది వాళ్ళు, వణికేది మీరా?"

"వెటకారం ఆపవే. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు."

సంగతేమిటంటే, ఆ రోజు డిపో జట్టుకీ మిల్లు జట్టుకీ మ్యాచ్. రెండూ అప్పటికే సెమీస్ చేరిపోయాయి. గెలిచినవాళ్ళు రేవు కూలీల జట్టుతో ఆడాలి. వాళ్ళు బంతికన్నా కాళ్ళనే ఎక్కువ తన్నే రకం. ఓడినవాళ్ళకి గుమాస్తాల జట్టు, నడిస్తేనే ఆయాసపడే బాపతు. అందుకని ఇద్దరూ ఓడిపోవడానికే పోటీ.

ముందురోజు గ్యారేజీలో సూపర్‌వైజర్ బాబాయ్ భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు మనవాళ్ళు మన గోల్లోకే కొడతారయ్యా. నోరు మూసుకుని గోల్ ఇచ్చెయ్. వంకలు పెట్టావో, సోమవారం నీ జాకీ ఇంకొకడు పట్టుకుంటాడు."

ఇస్తే మిల్లు జనం తంతారు. ఇవ్వకపోతే కూడు పోతుంది.

ఆట మొదలైంది. రెండు జట్లూ బంతిని చూసి పక్కకి తప్పుకుంటున్నాయి. ఇంతలో డిపో గోల్ దగ్గర మిల్లువాడు డిపోవాణ్ణి ఒకణ్ణి పడదోశాడు. డిపోకి ఫ్రీకిక్. డిపో కెప్టెన్ బంతి పెట్టి, గిరుక్కున వెనక్కి తిరిగి, సొంత గోల్లోకే లాగి కొట్టాడు. గోల్‌కీపర్ ఇంటికొచ్చిన అల్లుడికి ఇచ్చినట్టు దారి ఇచ్చాడు.

మిల్లు జనం తాడు దాటి మీదికొచ్చారు. "గోల్ అన్నావంటే నీ పళ్ళు నువ్వే ఏరుకోవాలి." అవతల సూపర్‌వైజర్ లేచి నిలబడి కన్నార్పకుండా చూస్తున్నాడు. కావాలని కొట్టుకున్నా గోల్ గోలే, కొట్టినవాడికి మహా అయితే కార్డు. బాబాయ్‌కి తెలిసింది అంతే. ఈల నోట్లో ఉంది గానీ ఊదడానికి ఊపిరి లేదు. అప్పుడు చెయ్యెత్తి, మైదానం మూలకి వేలు చాపాడు.

లైన్స్‌మన్, పాత డ్రిల్లు మాస్టారు, జెండా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "కరెక్ట్. ఫ్రీకిక్ నేరుగా సొంత గోల్లోకి పోతే గోల్ కాదు, అవతలివాళ్ళకి ఆ మూల నుంచి కార్నర్ కిక్. మధ్యలో ఇంకొకడి కాలు తగిలుంటే గోలయ్యేది."

కెప్టెన్ నెత్తిమీద చేతులు పెట్టుకున్నాడు. జనం వరసలు వరసలుగా కూర్చున్నారు. సూపర్‌వైజర్ మాత్రం "అదేంటి, అది గోలే..." అని మొదలుపెట్టాడు. పక్కనున్న డ్రైవర్ అన్నాడు: "ఏం సార్, మనం ఓడిపోవాలనా?" మిగతా మాట మింగి ఆయనా కూర్చున్నాడు. సోమవారం బాబాయ్‌ని పీకాలంటే అందరికీ కారణం చెప్పాలి. ఏమని చెబుతాడు?

ఆ వీరగాథ ఎవరెత్తినా బాబాయ్ చక్రం నట్టు బిగిస్తూ, తలెత్తకుండా ఇదే అంటాడు:

"నేను కార్నర్ చూపించలేదురా. ఆ మూల గేటుంది. తీసుందా అని మాస్టార్ని అడిగాను."