నడిమి ఇంటి లెక్క

నిన్న తుమకూరు మార్కెట్లో ఒకామె తడిమన్ను అంటిన చెనక్కాయలను గోతంలోంచి కుమ్మరించింది. ఆ పచ్చివాసన తగలగానే నాకు అడుగు ముందుకు పడలేదు. పావగడ తాలూకాలో హనుమంతరాయప్ప సార్ వెనకాల చేలగట్ల మీద నడిచిన రోజులు గుర్తొచ్చాయి.

అవి ఎనభైలు ముగిసే రోజులు. గణాంకాల ఆఫీసులో నేను కొత్తగా చేరిన ఇన్వెస్టిగేటర్ని, ఆయన నా పై అధికారి. సన్నటి మనిషి, గొంతు అంతకన్నా సన్నం. కొన్నేళ్లకోసారి కొన్ని ఇళ్లను ఎంపిక చేసి, వాటిని బట్టి తాలూకాలో ఒక మామూలు కుటుంబం ఏడాదికి ఎంత సంపాదిస్తుందో అంచనా కట్టడం మా పని. మొదటిసారి నేను అన్ని ఆదాయాలూ కూడి ఇళ్ల సంఖ్యతో భాగించబోతే ఆయన ఆపారు.

"సగటు తీస్తే మండీ సావుకారు దుడ్డు కూలోని లెక్కలో పడతాది రత్నా. తక్కువోళ్ల నుంచి ఎక్కువోళ్ల దంకా వరసగా పేర్చు. నట్టనడుమ నిలిచిన ఇంట్లో ఏముండాదో అది చెప్పల్ల మనం."

ఆదాయం ఎంత అని ఆయన ఎవరినీ నేరుగా అడగగా నేను చూడలేదు. మంగళవాడలో ఒక రైతును నేను అలా అడిగితే, "ఆదాయమా? యాడిదమ్మా ఆదాయం!" అని లేచి నిలబడ్డాడు. సార్ అరుగు మీద కూర్చుని, "ఎన్ని మూటలు పండె? విత్తనానికి ఎంత నిలబెట్టుకుంటిరి? మేకలేమన్నా అమ్మితిరా?" అని మాట కలిపారు. కాసేపటికి ఆ రైతు మజ్జిగ తెప్పించి, చెప్పాల్సినదంతా చెప్పాడు. వచ్చిన మొత్తానికి ఆ ఏడు ఎన్ని రాగులు కొనవచ్చో కూడా సార్ పక్కనే రాసేవారు. రూపాయి మారుతుంది గానీ ఆకలి మారదు కదా అనేవారు.

తొంభైల మొదట్లో గట్టి కరువు వచ్చింది. ఆ ఏడు సర్వేలో నిడుగల్లు వైపు ఊళ్లు నావి. లెక్క తేలాక ఆఫీసంతా ఆశ్చర్యపోయింది. నడిమి ఇంటి ఆదాయం ముందటి సర్వేకన్నా పెరిగింది. జిల్లా అధికారి సంతోషించి, వెంటనే సంతకం చేసి పంపమన్నారు. సార్ మాత్రం ఆ మొత్తాన్ని రాగుల్లోకి మార్చి చూశారు. అప్పటికీ పెరిగే ఉంది.

"వానే లేదు, ఇదెట్ల పెరిగె?" అంటూ నా ఫారాలన్నీ ముందేసుకున్నారు. చాలావాటి మీద 'తాళం' అని రాసి ఉంది.

"ఈ ఇండ్లోళ్లు యాడికి పోయినారు?"

"బెంగళూరికి కూలికి పోయినారంట సార్. రూలు ప్రకారం పక్కిండ్లు రాసుకున్నా."

ఆయన 'తాళం' ఫారాలను ఏరి ఒక పక్కన పెట్టారు. "ఊర్లో మిగిలింది బోరుండేటోళ్లు, జీతముండేటోళ్లు. లేనోళ్ల బదులు ఉన్నోళ్లను రాసుకొచ్చినాం మనం," అన్నారు.

తప్పు నాది. ఆయన 'మనం' అన్నారు. తిట్టి ఉంటే అంత ఏడుపు వచ్చేది కాదు.

ఆ ఆదివారం సొంత ఖర్చుతో ఇద్దరం బెంగళూరు బస్సెక్కాం. ఊరివాళ్లు చెప్పిన గుర్తులు పట్టుకుని ఎండలో తిరిగి తిరిగి, సగం లేచిన ఒక మేడ దగ్గరికి చేరాం. ఇసుక కుప్ప పక్కన రేకుల గుడిసె. నేను 'తాళం' అని రాసిన ఇళ్లలో ఒకదాని మనిషి లక్ష్మక్క, తలమీద ఇటుకల బుట్టతో వస్తూ మమ్మల్ని చూసి నిలబడిపోయింది. వచ్చిన పని చెప్పాం.

"మా సంపాదన అడగను అంతదూరం నుంచి వచ్చినారా సార్? మేం ఊర్లోనే లేమే, మాకేం లెక్క?"

సార్ ముందుకెళ్లి ఆ బుట్ట దించడానికి చెయ్యి వేశారు. "మీరు లేనందుకే ఊరు బాగుండేట్ల కనపడతాండాది తల్లీ," అన్నారు.

ఆమె ఇసుక మీద కూలబడి, విత్తింది మొదలు మేకలు అమ్మినదాకా అంతా చెప్పింది. మిగతా కుటుంబాల జాడ కూడా ఆమే చెప్పింది. అలా ఇంకో మూడు ఆదివారాలు తిరిగాం. అవన్నీ వరసలో చేర్చాక నడిమి ఇల్లు చాలా కిందికి జారింది. సార్ ఆ అంకె కిందే సంతకం పెట్టారు. గడువు దాటిందని ఆయనకు మెమో వచ్చింది, అందవలసిన ప్రమోషన్ ఆగింది. కరువు జాబితాలో మాత్రం మా తాలూకా చేరింది. మెమోను ఫైలులో పెడుతూ, "నీ ఫారాలు ఇప్పుడు సరిగ్గుండాయి రత్నా," అన్నారంతే.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనూ రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరైనా ఒక అంకె చూపించి ఫలానా చోటు బాగుపడిందంటే, కాదనను, అవుననను. అడగడానికి వెళ్లిన రోజు అక్కడ లేనివాళ్లు ఎవరో కనుక్కున్నారా అని మాత్రం అడుగుతాను.