దుర్వాసుడి కాలు తొక్కిన వేళ

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల చివర్లో, అమెరికాకి చదువుకోవడానికి వచ్చిన మాబోటివాళ్ళకి క్యాంపస్‌లో ఏ పని దొరికినా మహాప్రసాదమే. నా రూమ్మేట్‌కి లైబ్రరీ దొరికింది. జన్మలో ఒక్క బంతి సరిగ్గా పట్టని నాకు ఫుట్‌బాల్ ఆఫీసులో పాత మ్యాచ్‌ల రీళ్ళు ప్రొజెక్టర్‌ మీద వేసే పని దొరికింది. (వీళ్ళ ఫుట్‌బాల్‌లో పాదానికి పెద్దగా పనిలేదు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేవాణ్ణి అవతలి పదకొండు మంది కిందపడెయ్యడమే ఆట.) ఆ పడేసేవాళ్ళకి గురువు డిఫెన్స్ కోచ్. నేనూ నా రూమ్మేటూ ఆయనకి దుర్వాసుడని పేరు పెట్టుకున్నాం. మైదానంలో ఆయన అరుపులకి పక్షులు కూడా లేచిపోయేవి. రీళ్ళు చూసే చీకటి గదిలో మాత్రం మెత్తబడి ఇంటి సంగతులు చెప్పేవాడు. కోచ్ ఉద్యోగమంటే ఊళ్ళు మారడమేనట, ఇది ఐదో ఊరట. కూతురికి మాత్రం హైస్కూలంతా ఒక్కచోటే చదివిస్తానని మాటిచ్చాడట. ఆ ఏడు మా జట్టు వరసగా ఓడిపోతోంది. ఆఖరి మ్యాచ్ కూడా పోతే వేరే ఉద్యోగం చూసుకోమని పెద్ద కోచ్ ఆయనకి తేల్చి చెప్పేశాడు.

మైదానం గట్టుమీద నుంచి తన ఆటగాళ్ళకి చేసే సైగల్ని అవతలి జట్లు పసిగట్టేస్తున్నాయని దుర్వాసుడికి అనుమానం వచ్చింది. దాంతో ఆఖరి మ్యాచ్‌కి సైగలు చేసే పని, ఎవరూ పట్టించుకోని నాకు అప్పగించాడు. చెవి పట్టుకుంటే వెనక్కి తగ్గండని, మోచెయ్యి గోక్కుంటే కుడివైపు కాయండని అర్థం. రెండు కళ్ళూ తాకితే కాపలా మొత్తం వదిలేసి పదకొండు మందీ, దూరంగా పరిగెత్తే తనవాడికి బంతి విసిరేవాడి మీద పడండని. ఇది ఆత్మహత్యలాంటిది, నేను చెప్పకుండా చెయ్యకు అని రెండుసార్లు హెచ్చరించాడు.

మ్యాచ్ చివరికొచ్చేసరికి మేం కాస్త ముందున్నాం, బంతి వాళ్ళ చేతిలో ఉంది. ఒక్క మంచి విసురు చాలు, మా పని సరి. దుర్వాసుడు నా వెనక చేరి, వెనక్కి తగ్గమను అన్నాడు. నేను చలికీ భయానికీ వణుకుతూ ఒక అడుగు వెనక్కి వేసి ఆయన కాలు తొక్కాను. పెద్దవాళ్ళకి కాలు తగిలితే ఏం చేస్తాం? చటుక్కున ఆయన చెయ్యి తాకి, రెండు కళ్ళకీ అద్దుకున్నాను.

అంతే, పదకొండు మందీ ఆంబోతుల్లా దూకారు. మైదానం వెనక సగం ఖాళీ. దుర్వాసుడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. బంతి విసరాల్సిన అవతలి కుర్రాడు అంతమందిని ఒక్కసారిగా చూసి బిత్తరపోయి బంతి జారవిడిచాడు, మావాడొకడు దానిమీద బోర్లా పడ్డాడు, దాంతో బంతి మాదైపోయింది. గెలిచాం. ఆ గోలలో దుర్వాసుడు నా కాలరు పట్టుకుని ఏంటది అన్నాడు. మా దేశంలో క్షమాపణ అండీ అన్నాను. చుట్టూ ఒకసారి చూసి, “ఈ మాట ఎవరితోనూ అనకు,” అన్నాడు. మర్నాడు పేపర్లో ఆయన తెగువ గురించి పెద్ద వ్యాసం.

ఒక కుటుంబాన్ని ఊరు మారకుండా నిలబెట్టానని నాకు గర్వం తలకెక్కింది. కొన్నాళ్ళాగి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గరాజ్‌లో ఆయన భార్య అట్టపెట్టెలకి టేపు వేస్తోంది. పేపర్లో చూసి ఎక్కడో పెద్ద యూనివర్సిటీవాళ్ళు ఆయన్ని పిలిచారట. వద్దనలేని పిలుపట. నా మొహం చూసి ఆవిడే నవ్వింది.

“ఓడిపోతే వీళ్ళు పొమ్మంటారు, గెలిస్తే వాళ్ళు రమ్మంటారు. ఏదైనా పెట్టెలు కట్టేది నేనే కదా.”

కూతురు ఒక పెట్టెమీద కూర్చుని పులిహోర రుచి చూసింది. కొత్త స్కూల్లో మొదటిరోజు లంచ్‌కి ఎవరి పక్కన కూర్చోవాలో వెతుక్కోవడం తనకిప్పుడు బాగా అలవాటేనని, ఎవరూ అడక్కుండానే చెప్పింది. విజయం తెచ్చిన వీరుణ్ణనుకుంటూ వెళ్ళినవాణ్ణి, సాయంత్రం దాకా టేపు ముక్కలు కత్తిరించి ఇస్తూ కూర్చున్నాను. ఒక్క ఆట గెలిస్తే ఒక ఇల్లు కదలకుండా ఉంటుందని నమ్మిన ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం ముద్దు కూడా వస్తుంది.