ఫ్లెక్సీ వెనక డ్రమ్స్

ఆమెకి ముక్కు మీదే కోపమని కార్ఖానాలో అందరూ అంటారు. నిజానికి పని దగ్గర ఆమెంత ఓపిక ఉన్న మనిషి ఇంకొకరు లేరు. పాతికేళ్లుగా లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడుతోంది. మందపాటి గుడ్డకి సూది విరిగినా, మిషను మొరాయించినా పల్లెత్తు మాట అనదు. కొత్త సూది ఎక్కించుకుని మళ్లీ మొదలుపెడుతుంది. మనిషిని మనిషిలా చూడనివాళ్లు కనబడితే మాత్రం ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకసారి ఆసుపత్రిలో వరసలో నిలబడ్డ ముసలాయన్ని తోసుకుంటూ ముందుకెళ్లిన ఓ పెద్దమనిషిని కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. ఆ రోజు మందులు తీసుకోవడం మరిచిపోయి ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లి అదే వరసలో చివర నిలబడింది.

ఆమె నేస్తం లెక్కల టీచరు. పంతొమ్మిదేళ్ల వయసులో ఇద్దరూ ఆడపిల్లల హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లు. ఒకామె కుట్టుపని నేర్చుకునేది, ఇంకొకామె డిగ్రీ చదివేది. ఇద్దరికీ కలిపి ఒక పాత టేప్‌రికార్డరు, ఒకే ఒక్క రాక్ బ్యాండ్ క్యాసెట్టు. గిటార్లు వాయించేది ఇద్దరు మగవాళ్లు, పాడేది మూడో ఆయన. వెనకాల డ్రమ్స్ వాయించేది మాత్రం ఒక ఆడమనిషి. క్యాసెట్టు అట్ట మీద ఆమె బొమ్మ బొటనవేలి గోరంత ఉండేది. ఆ గోరంత బొమ్మనే ఇద్దరూ కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లు. టీచరు రెండు పెన్సిళ్లు పట్టుకుని ట్రంకుపెట్టె మూత మీద ఆ దరువు అచ్చంగా దించేది. వార్డెను వచ్చి తలుపు బాదేది. ఆ బాదుడు కూడా దరువులో కలిసిపోయిందని వీళ్లు పగలబడి నవ్వేవాళ్లు.

ముప్ఫై నాలుగో ఏట టీచరుకి వెన్నెముకకి జబ్బు చేసింది. ప్రాణం దక్కింది గానీ కాళ్లు పోయాయి. చక్రాల కుర్చీలోంచే పాఠాలు చెబుతోంది. స్కూలు వాళ్లు ఆమె తరగతిని మేడ మీంచి కిందకి మార్చడానికి ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె వరండాలో బోర్డు పెట్టుకుని పాఠం చెప్పింది.

"పోనీలేవే, గాలి బాగా వస్తోంది ఇక్కడ" అనేది.

"గాలికోసమే ఉద్యోగంలో చేరావా?" అని అరిచి, హెడ్మాస్టరు గదికి వెళ్లి కూర్చున్నది కుట్టుపనామె. తరగతి ఆ వారమే కిందకి దిగింది.

ఇన్నేళ్లకి, ఆ క్యాసెట్టు బ్యాండు ఈ ఊరు వస్తోందని తెలిసింది. ఇదే ఆఖరు పర్యటనట. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, పెద్ద మైదానంలో. టికెట్లు కొనేముందు టీచరు నిర్వాహకులకి తనే ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడిగింది. కుర్చీ పైకి ఎక్కించడానికి వాలుదారి ఉంటుందా? బాత్రూముకి వెళ్లగలమా? స్టేజీ కనబడుతుందా? మూడింటికీ అవతలి గొంతు తేనెలు ఒలికిస్తూ అవునంది. "మీకోసం ప్రత్యేకంగా ఎత్తైన అరుగు కట్టిస్తున్నాం మేడమ్. స్టేజీ పూర్తిగా కనబడుతుంది" అని కూడా అంది.

ఆదివారం గేటు దగ్గరే తంటా మొదలైంది. కాపలా కుర్రాడు టీచరు వంక చూడకుండా, ఆమె తల మీదుగా కుట్టుపనామెని అడిగాడు: "పెద్దమ్మా, ఆవిడ పాటలు వింటారా? చప్పుడు తట్టుకోగలరా?"

"ఆవిణ్ణే అడుగు. చెవులు నీకంటే బాగా పనిచేస్తాయి. ఇంకోటి, నేను మీ పెద్దమ్మని కాను."

టీచరు ఆమె మణికట్టు గిల్లి, "వింటాను నాయనా, నువ్వు పుట్టకముందు నుంచీ వింటున్నాను" అంది నవ్వుతూ. కుర్రాడు సిగ్గుపడి దారి చూపించాడు.

ఆ దారి జనరేటరు వెనకనుంచి, చెత్త డ్రమ్ముల పక్కనుంచి పోతుంది. బురదలో చక్రం కూరుకుపోయింది. కుట్టుపనామె చెప్పులు విప్పి, కొంగు బిగించి తోసింది. ఎలాగో అరుగు ఎక్కారు. అప్పటికే అక్కడ ఐదు చక్రాల కుర్చీలున్నాయి. ఒకదాంట్లో రిటైరైన రైల్వే గుమస్తా, ఇంకోదాంట్లో బ్యాండు బొమ్మ ఉన్న టీషర్టు వేసుకున్న కాలేజీ అమ్మాయి, తక్కినవాళ్లు వాళ్లవాళ్ల ఇంటివాళ్లతో. అందరూ ముందుకి చూస్తున్నారు.

ముందు ఒక ఫ్లెక్సీ ఉంది.

అరుగుకి పది అడుగుల దూరంలో, ఇనప గొట్టాల చట్రానికి బిగించి కట్టారు. ఇద్దరు మనుషులంత ఎత్తు. పరుపుల కంపెనీ వాళ్లది. దాని మీద తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ పరుపు మీద హాయిగా నిద్రపోతున్నారు. స్టేజీ సరిగ్గా వాళ్ల వెనక ఉంది. ఎడమవైపు నుంచి ఒక స్పీకరు సగం, పైనుంచి నాలుగు లైట్లు కనబడుతున్నాయి. అంతే.

కుట్టుపనామె కిందకి దిగి, చేతిలో వాకీటాకీతో తిరుగుతున్న ఇన్‌ఛార్జిని పట్టుకుంది.

"అది తీయించండి. మాకు ఏమీ కనబడట్లేదు."

"అది స్పాన్సరు వాళ్లది మేడమ్. ముట్టుకోకూడదు."

"అయితే మా అరుగు జరపండి."

"ఇప్పుడెలా కుదురుతుందమ్మా? అయినా పాటలే కదా, వినపడుతుంది కదా! ఇక్కడ సౌండు చాలా బాగుంటుంది."

"వినడానికైతే ఇంట్లో క్యాసెట్టు ఉంది. చూడ్డానికొచ్చాం. చూపిస్తామని చెప్పి అమ్మారు మీరు."

"చూద్దాం లెండి" అని నీళ్లు నమిలి, వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడుతూ జారుకున్నాడు. ఆ తర్వాత రెండుసార్లు వెతికింది. దూరంగా ఆమెని చూడగానే అతను పక్కకి తిరిగిపోయాడు.

ఆమె అరుగెక్కి వచ్చేసరికి టీచరు అంది: "పోనీలేవే. గొడవ వద్దు. కళ్లు మూసుకుంటే హాస్టల్లో విన్నట్టే ఉంటుంది."

ఆ మాటకి కుట్టుపనామె ఒళ్లు భగ్గుమంది. ఇన్‌ఛార్జి మీద వచ్చిన కోపం కంటే ఇది పెద్దది. ఇన్నేళ్లుగా ఈ మనిషి చేత ఎంతమంది ఇలా కళ్లు మూయించారు!

జనం ఒక్కసారిగా కేకపెట్టారు. బ్యాండు వచ్చిందని ఆ కేక వల్లే తెలిసింది. మొదటి పాట డ్రమ్స్‌తోనే మొదలైంది, ట్రంకుపెట్టె మీద వాయించిన ఆ పాత దరువు. రైల్వే గుమస్తా ఎడమకి వంగి, కుడికి వంగి, చివరికి తల వంచుకున్నాడు. టీచరు నిజంగానే కళ్లు మూసుకుంది. కానీ ఆమె వేళ్లు కదలడం లేదు. ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

కుట్టుపనామె మళ్లీ దిగింది. ఈసారి ఎవరికోసమూ వెతకలేదు. నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి వెనకవైపు చూసింది. అంచు పొడుగునా ఇత్తడి రింగులు, వాటిలోంచి తాడు, పైన రెండు మూలలా జారుముళ్లు. చేతకాని కట్టుడు. కార్ఖానాలో ఎవరైనా ఇలా కడితే విప్పించి మళ్లీ కట్టించేది. ఆమె కత్తి అడగలేదు. చట్రం అడ్డ గొట్టం మీద కాలు వేసి, ఎడమ మూల ముడి లాగి, తాడు ఒక్కో రింగులోంచి తీసుకుంటూ వచ్చింది. తర్వాత కుడి మూల. నిద్రపోతున్న కుటుంబం మొత్తం ముందుకి తూలి, దబ్బున నేలమీద పడింది.

అరుగు మీంచి ఈల వినబడింది. వేసింది రైల్వే గుమస్తా.

ఆమె తిరిగి చూసింది. దూరంగా స్టేజీ మీద, అందరికంటే వెనక, నెరిసిన జుట్టు పైకి ముడేసుకున్న ఒక ఆడమనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, తనకంటే పెద్ద డ్రమ్స్ మీద వంగి వాయిస్తోంది. వాయించే పుల్ల గాలిలోకి ఎగరేసి, దానివైపు చూడకుండానే పట్టుకుంది. అరుగు మీద టీచరు నోరు తెరిచి చూస్తోంది. రెండు చేతులూ కుర్చీ పిడుల మీద ఆ దరువే వాయిస్తున్నాయి.

పాటన్నర. అంతే చూడనిచ్చారు. రెండో పాట సగంలో ఇన్‌ఛార్జి ఇద్దరు కాపలావాళ్లని వెంటపెట్టుకుని వచ్చాడు. అంతసేపూ దొరకని మనిషికి ఇప్పుడు కాళ్లకి చక్రాలొచ్చాయి.

"ఆస్తి పాడుచేశారు. బయటికి నడవండి."

"ఏం పాడైందో చూపించు. ఒక్క రింగు ఊడిందా? ఒక్క పోగు తెగిందా? ఇది నా పని, పాతికేళ్లుగా చేస్తున్నాను. అసలు అక్కడ కట్టినవాడిది తప్పు."

"ముందు నడవండి."

అప్పుడు అరుగు మీంచి టీచరు అరిచింది. ఆ గొంతు కుట్టుపనామె ఎప్పుడూ వినలేదు. "ఆమె మీద చెయ్యి వేస్తే ఊరుకోను! విప్పమన్నది నేను! నన్నడగండి!"

అబద్ధమే. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి మైదానమంతా వినబడేలా ఆడింది. ఇన్‌ఛార్జి ఆమె వైపు తల కూడా తిప్పలేదు. కుట్టుపనామెతోనే అన్నాడు: "ఆవిణ్ణి కాస్త శాంతపరచండి మేడమ్. ఆరోగ్యానికి మంచిది కాదు."

ఆమెకి అతన్ని కొట్టాలనిపించింది. కొడితే ఇద్దర్నీ గెంటేస్తారు. అది తెలిసి పిడికిలి విప్పింది.

"నువ్వు కదలకు. నా వంతు కూడా నువ్వే చూడు" అని నేస్తానికి చెప్పి, కాపలావాళ్లు చెయ్యి వేసేలోపు తనే నడిచింది.

మిగతా కచేరీ అంతా ఆమె గోడ అవతల, తాము అద్దెకి తెచ్చుకున్న వ్యాను నీడలో నిలబడి విన్నది. ఎండకి గోడ కాలిపోతోంది. ఆమె అంతకంటే ఎక్కువ కాలిపోతోంది. వాళ్లిద్దరికీ అత్యంత ఇష్టమైన పాట వచ్చినప్పుడు గోడకి నుదురు ఆనించి ఏడ్చింది. అది బాధ కాదనీ, ఒళ్లు మండి వచ్చిన నీళ్లనీ ఇప్పటికీ ఆమె వాదిస్తుంది.

కచేరీ అయ్యాక టీషర్టు అమ్మాయి, ఆమెని తోసుకుంటూ వాళ్ల నాన్న, వెనక తన కుర్చీ తనే తిప్పుకుంటూ రైల్వే గుమస్తా, ఆయన కొడుకు తోస్తున్న టీచరు, అందరూ ఊరేగింపులా గేటు దాటి వచ్చారు. ఫ్లెక్సీ మళ్లీ కట్టమని ఇన్‌ఛార్జి ఇద్దరు పనివాళ్లని పంపాడట. వాళ్లు తాడు చేత్తో పట్టుకుని, అరుగు మీద ఉన్నవాళ్లని చూసి, "ముడి పడట్లేదు సార్, గాలెక్కువగా ఉంది" అంటూ చివరి పాట దాకా కాలక్షేపం చేశారట. ఆకు కూడా కదలని మధ్యాహ్నం అది.

"డ్రమ్స్ వాయించే ఆమెది ఎడమచేతి వాటం. మనకి ఇన్నాళ్లూ తెలీదు" అంది టీచరు. ఆ తర్వాత వ్యానులో ఇల్లు చేరేదాకా డ్రమ్స్ గురించే చెప్పింది. ఏ పాటలో పుల్ల మార్చింది, ఎక్కడ నీళ్లు తాగింది, ఎప్పుడు నవ్వింది. కుట్టుపనామె ఆపి ఆపి అడిగి మళ్లీ చెప్పించుకుంది.

మర్నాడు నిర్వాహకులకి నాలుగు పేజీల ఉత్తరం రాసింది టీచరే. ఎవరూ రాయమనలేదు. మూడు వారాలకి జవాబొచ్చింది: "ప్రకటన ఊడిపడినందువల్ల మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." దాంతోపాటు పరుపు కొంటే ఇచ్చే తగ్గింపు కూపను.

టీచరు ఆ కూపను నాలుగు ముక్కలు చేసి, అదే కవరులో పెట్టి తిప్పి పంపింది. రెండో ఉత్తరం మీద అరుగు మీద ఉన్న ఆరుగురూ సంతకాలు పెట్టారు. మూడోది మైదానం యజమానులకి వెళ్లింది. నాలుగోదాని తర్వాత ఎవరో టేపు పట్టుకుని వచ్చి కొలతలు తీసుకున్నారు. అరుగుకీ స్టేజీకీ మధ్య ఇకమీద ఏమీ కట్టకూడదని గోడ మీద రాశారు. మంచిదే. కానీ టికెట్టు కొన్న మనిషిని గెంటేయడం తప్పని ఒక్క వాక్యం రాయమంటే మాత్రం ఎవరి కలమూ కదలడం లేదు.

ఐదో ఉత్తరం ఇప్పుడు టీచరు వంటింటి బల్ల మీద ఉంది. ఆదివారాలు కుట్టుపనామె వెళ్లి పక్కన కూర్చుంటుంది. టీచరు చదువుతుంటే వింటూ, "ఇక్కడ 'దయచేసి' ఎందుకే? కొట్టెయ్" అంటుంది. టీచరు కొట్టేస్తుంది.