బలం సూది

పందొమ్మిది వందల అరవైల్లో ఒక మధ్యాహ్నం హిందూపురంలో ధర్మవరం పాసింజరు ఎక్కాను. ఎదుటి బల్ల మీద అరవై దాటిన నేతగాడొకాయన కూర్చున్నాడు. ఆయన రొమ్ములు ఆడవాళ్లకు మల్లే ఉబ్బి, చొక్కాలోంచి తెలుస్తున్నాయి. పక్కనున్న శనక్కాయల వ్యాపారి అటే చూసి నవ్వాడు.

పెద్దాయన చొక్కా బొత్తాలన్నీ విప్పేశాడు.

"బాగా చూడప్పా. మగ్గం మీద సత్తువ చాలల్యాదని పోతే, మా ఊరి డాక్టరు బలానికని సూదులేసినాడు. అది మగతనం మందని చెప్పనే లేదు. ఒంట్లో అది ఎక్కువైతే ఇట్ల రొమ్ములొస్తాయంట. తెగిన పోగు అతకాలని వంగితే రొమ్ము మగ్గం కర్రకు తగిలి ప్రాణం పోతాండాది. కాళ్లు గూడా వాచినాయి. పోయి చెప్తే, ముసలితనమని ఇంకో సూదేసినాడు."

"ఇప్పుడేం చేస్తారు?" అని అడిగాను.

"హిందూపురం డాక్టరమ్మ సూదులు ఆపమనింది, ఉప్పు తగ్గిచ్చమనింది. వాపు మెల్లగా దిగుతుందంట. అది దిగకముందే మా ఊరి ఆయప్ప ఆస్పత్రి బెంచీ మీద కూచోవాల. సూదికొచ్చిన ముసలోళ్లకంతా ఇది చూపియ్యాల."

పెనుకొండలో దిగేదాకా వ్యాపారి కిటికీ బయటికే చూశాడు.

నాకిప్పుడు ఆయన వయసు దాటింది. ఏం మందో చెప్పకుండా సూది పట్టుకొచ్చే డాక్టర్లు ఇంకా ఉన్నారు. అడిగితే వాళ్లకు కోపం. నాకు అంతకన్నా ఎక్కువ కోపం. చెప్పేదాకా నేను చొక్కా చెయ్యి పైకి మడవను.

ఆ రోజు ధర్మవరంలో పెద్దాయన దిగి, జనం మధ్యలోంచి నడిచి వెళ్లాడు. బొత్తాలు పెట్టుకోలేదు.