సుబ్బరత్నం రాయించిన కాగితం

మాచర్ల పక్క నాపరాళ్ళ క్వారీల్లో సుబ్బరత్నం నోటికి మేస్త్రీలు కూడా జడిసేవాళ్ళు. ఆడమనిషి గదా అని ఎవడన్నా చులకనగా మాట తూలితే, ఎత్తిన పలకను వాడి కాళ్ళ ముందే దించి, "నువ్వెత్తరా, చూద్దాం" అనే మనిషి. ఇరవై ఆరేళ్ళకే మొగుడు రాళ్ళ పేలుడులో పోయాడు. తల్లి లేదు. తండ్రి అంతకు ముందే, నలభై నిండకుండా, నెత్తిన పలకతో నడుస్తూ నడుస్తూ గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆవిడకు మిగిలింది పన్నెండేళ్ళ తమ్ముడు కోటేశ్వర్లు, రెండేళ్ళ కూతురు మంగమ్మ. ఇద్దర్నీ రాళ్ళు మోసి పెంచింది. పెంచి, మంగమ్మ పెద్దదయ్యాక తమ్ముడికే కట్టబెట్టింది. పరాయి గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడే ఖర్మ తనకేమిటనుకుంది. "నా చేతి ముద్ద తిని పెరిగినోడు, నా పిల్లనెట్టా చూసుకోడో నేనూ చూస్తా" అని ఊరంతా చెప్పుకుంది. ఎత్తుకుని ఆడించిన పిల్లని ఎట్టా చేసుకునేదక్కా అని కోటేశ్వర్లు అప్పుడే గొణిగాడు. ఆవిడ ఒక్క చూపు చూసింది. మళ్ళీ గొణగలేదు.

వాళ్ళకు పుట్టింది ఒక్కతే, మహాలక్ష్మి. మూడేళ్ళప్పుడు పిల్ల మోచేతుల మీద పసుపురంగు బుడిపెలు లేచాయి. ఎనిమిదేళ్ళకు మోకాళ్ళ మీద, వేళ్ళ కణుపుల మీద, మడమల వెనక కూడా వచ్చాయి. నొప్పి లేదు, దురద లేదు. పరిగెత్తితే మాత్రం రొమ్ము పట్టుకుని ఆగిపోయేది. పసర్లు పూశారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. బుడిపెలు పెరగడం మానలేదు.

ఎనభై ఏడులో, పిల్ల ఆరో తరగతికి వచ్చిన ఏడు, వేసవి సెలవులయి బడి తెరిచిన వారానికి, కుష్టు సర్వేకు తిరిగే ఇన్నయ్య సైకిలేసుకుని ఊళ్ళోకి వచ్చాడు. దూదిపీచుతో తాకి పిల్లకు స్పర్శ తెలుస్తోందో లేదో చూడాలి. బుడిపెలు కనబడగానే ఆయనకు ఆ ఓపిక పోయింది. రిజిస్టరు తీసి పేరెక్కించాడు. మర్నాడు హెడ్మాస్టరు పిల్లను వరండాలోనే ఆపి ఇంటికి పొమ్మన్నాడు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు మంగమ్మ బిందెను కాలితో పక్కకు నెట్టారు.

సుబ్బరత్నం పిల్లను తీసుకుని మాచర్ల ఆసుపత్రికి పోయింది. అక్కడ చెవితమ్మె గీరి, గాజుపలక మీద పూసి చూసి, కుష్టు పురుగు లేదన్నారు. బుడిపెలు నొక్కి చూసిన డాక్టరు, కొవ్వులా ఉంది, ఎందుకొచ్చిందో నేను చెప్పలేను అన్నాడు. ఆవిడ అదే ఊపులో వచ్చి ఇన్నయ్య సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"పురుగు లేదన్నారు. పేరు కొట్టెయ్."

"లేనంత మాత్రాన కాదని కాదవ్వా. పురుగు కనపడని కుష్టు చానామందికి ఉంటది."

"డాక్టరు కొవ్వన్నాడురా."

ఇన్నయ్య అక్కడున్న హెడ్మాస్టరు వైపు చూసి నవ్వాడు. "పచ్చడి మెతుకులు తినే కూలోళ్ళకి కొవ్వేందవ్వా? షావుకార్లకైతే నమ్ముతా. ఇవేందో, ఎందుకొచ్చినయ్యో రాసిన కాగితం పట్రా. ఆ నిమిషమే కొట్టేస్తా."

"తెస్తా. తెచ్చిన్నాడు ఆ నవ్వు ఎక్కడ పెట్టుకుంటావో చూసుకో" అంది సుబ్బరత్నం.

క్వారీలో కంప్రెసర్ చెడిపోతే నరసరావుపేట నుంచి మెకానిక్ దావూద్ వచ్చేవాడు. ఆయన కూతురు అబిదా హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. దావూద్ మహాలక్ష్మి చేతులు చూసి వెళ్ళి కూతురికి ఉత్తరం రాశాడు. పదిరోజుల్లో జవాబు వచ్చింది: పిల్లనీ, తల్లినీ తండ్రినీ వెంటనే తీసుకురమ్మని. సుబ్బరత్నాన్ని ఎవరూ రమ్మనలేదు. అందరికన్నా ముందు సాగర్ మీదుగా హైదరాబాదు పోయే బస్సెక్కి కూర్చుంది ఆవిడే.

అబిదా సన్నగా, కళ్ళద్దాలతో, మాట మెత్తగా ఉండే పిల్ల. మహాలక్ష్మి రక్తం తీయించి చూసి, ఉండాల్సిన దానికి నాలుగింతల కొవ్వుందని చెప్పింది. ఎందుకుందో తేల్చాలంటే చర్మం కావాలంది.

"మన ఒళ్ళంతా కణాలే అవ్వా, కంటికి కనపడనంత చిన్నవి. ఒక్కో కణం పైన కొక్కేల్లాంటివి ఉంటాయి. రిసెప్టర్లంటాం. రక్తంలో పోయే కొవ్వును అవి పట్టి లోపలికి లాక్కుంటాయి. కొక్కెం లేకపోతే కొవ్వు రక్తంలోనే తిరిగి తిరిగి, ఇట్టా బుడిపెలు కడుతుంది. గుండెకు పోయే రక్తనాళాల్లోనూ పేరుకుంటుంది."

"కనపడని కణం మీద కొక్కెం నీకెట్టా కనపడుద్దే?"

"దానికే ఒక మందుంది, యాంటీబాడీ అని. ఇంకే వస్తువునీ తాకదు, ఆ కొక్కేన్నే వెతికి అంటుకుంటుంది. దాని మీద మెరిసే రంగు వేస్తాం. మెరిస్తే కొక్కెం ఉన్నట్టు."

"ఎక్కడ పండుద్ది అది?"

"ఎలుక కణాల నుంచి తీస్తారు."

"బాగుంది. మనిషి గుట్టు ఎలుకని అడగాల్సి వచ్చింది" అంది సుబ్బరత్నం.

డాక్టరొకాయన పిల్ల చేతి నుంచి పెసరగింజంత చర్మం కోశాడు. మంగమ్మ దగ్గర, కోటేశ్వర్లు దగ్గర కూడా తీశాడు. పోల్చుకోవడానికి జబ్బు లేని వేరేవాళ్ళ కణాలు తమ దగ్గరున్నాయని అబిదా చెబుతుండగానే సుబ్బరత్నం జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"ఎవరిదో ఎందుకు? నాది తియ్యి. యాభై ఆరేళ్ళొచ్చినయ్, ఒక్కరోజు మంచాన పడలా. మంచి ఒళ్ళు ఎట్టుంటదో నాది చూసి తెలుసుకో."

అబిదా ఆవిడ కళ్ళలోకి ఒక నిమిషం చూసింది. నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం ఉంది, దాన్ని చూసింది. తీయమని డాక్టరుకు చెప్పింది.

చర్మం ముక్కల్లోంచి కణాలు పెరగడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఆ రెండు నెలలూ మహాలక్ష్మి గుమ్మంలో కూర్చుని, బడి వదిలాక పోయే పిల్లల్ని చూసేది. బడి గంట కొట్టినప్పుడల్లా సుబ్బరత్నం ఇన్నయ్య ఏడు తరాలనూ కడిగేది.

రెండోసారి వెళ్ళినప్పుడు అబిదా వాళ్ళను కిటికీలు మూసిన చీకటిగదిలోకి తీసుకుపోయింది. మైక్రోస్కోపు ముందు సుబ్బరత్నాన్నే కూర్చోబెట్టింది. మొదట జబ్బులేని వాళ్ళెవరివో కణాలు పెట్టింది. కటిక నలుపులో పచ్చటి చుక్కలు, ఆకుపసరు చిమ్మినట్టు, కిక్కిరిసి ఉన్నాయి.

తరవాత మహాలక్ష్మివి పెట్టింది. మామూలు వెలుతురులో కణాలు నిండుగానే కనబడ్డాయి. వెలుతురు మార్చగానే ఏమీ లేదు. సుబ్బరత్నం కన్ను నులుముకుని మళ్ళీ చూసింది. ఒక్క చుక్క లేదు.

కోటేశ్వర్లువి పెడితే చుక్కలున్నాయి గానీ పలచగా ఉన్నాయి. మంగమ్మవీ అంతే. చివరి గాజుపలక పెట్టేటప్పుడు అబిదా కాస్త తటపటాయించింది.

"ఇది ఎవరిది? ఇదీ పల్చగానే ఉందేం?"

"నీదే అవ్వా."

సుబ్బరత్నం స్టూలు మీంచి లేచింది. "నువ్వు మందు సరిగ్గా పూయలా."

"మూడుసార్లు చేశాను."

"నా ముందర చెయ్యి. నాలుగోసారి."

అబిదా విసుక్కోలేదు. మిగిలిన కణాలు తీసి, ఆవిడ కళ్ళ ముందే కడిగి, మందు వేసి, ఆగి, మళ్ళీ కడిగి, రంగు వేసింది. ఇంకో పలక మీద యాంటీబాడీ లేకుండా ఉత్త రంగే వేసింది, రంగు దానంతటది అంటుకోవడం లేదని చూపించడానికి. సగం పూట పట్టింది. సుబ్బరత్నం టీ కూడా తాగకుండా ఆ చేతులనే చూస్తూ నిలబడింది. ఉత్త రంగు వేసిన పలక చీకటిగా ఉంది. ఆవిడ పలక మొదట ఎట్లా ఉందో అట్లాగే ఉంది, సగం వెలిగి.

"నీకూ మీ తమ్ముడికీ చెరి సగం లోపం మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉండాలవ్వా. మీ నాన్న పోయిన తీరు చెప్పావు గదా, ఆయన నుంచే అనుకుంటున్నా. నీ నుంచి మంగమ్మక్కకు పోయింది. సగం ఉన్నవాళ్ళకు బయటికి తెలియకపోవచ్చు. నీ కంట్లో ఆ తెల్ల వలయం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇద్దరు సగాలవాళ్ళు కలిశారు, పిల్లకు రెండువైపులా లోపమే పడింది."

ఉన్నట్టుండి కోటేశ్వర్లు గొంతు లేచింది. నలభై రెండేళ్ళలో అక్క ముందు ఆ గొంతు ఎన్నడూ లేవలేదు.

"నేనొద్దన్నా గదక్కా! ఎత్తుకుని తిప్పిన పిల్లని నాకొద్దన్నా గదా! విన్నావా?"

"నోర్ముయ్" అంది సుబ్బరత్నం. అని అబిదా మీద విరుచుకుపడింది. "మా ఊళ్ళో ఇంటికొక మేనరికం ఉందే! వాళ్ళ పిల్లలంతా బండల్లా ఉన్నారు. నా ఇంటికే ఎట్టా వచ్చింది?"

"అందరికీ రాదవ్వా. లోపం ఉన్న ఇంట్లోనే వస్తుంది. ఉందని నీకెట్టా తెలుస్తుంది? రెండు నెలల కిందటి దాకా నాకూ తెలియదు."

"మందుందా?"

"దీన్ని పూర్తిగా దించే మందు ఇంకా రాలేదు. నెయ్యి, మాంసం, గుడ్డు పెట్టొద్దు. పరిగెత్తనియ్యొద్దు."

"కుష్టుకి మందుంది. దీనికి లేదు. ఎంత మంచి కబురు చెప్పావే!" అంది సుబ్బరత్నం. మంగమ్మ పిల్లను దగ్గరికి లాక్కుని గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఏడవడానికి సుబ్బరత్నానికి తీరిక లేదు. "సరే. ఇదంతా కాగితం మీద రాసియ్యి. మేం పోవాలి."

అప్పుడు అబిదా తల వంచుకుంది. ఆ యాంటీబాడీ ఉన్న చిటికెన వేలంత సీసా తెచ్చి చూపించింది. పరిశోధనకు మాత్రమే, రోగం తేల్చడానికి కాదు అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉందట. దీన్ని నమ్ముకుని సర్టిఫికెట్ ఇవ్వడానికి పరిశోధనశాల పెద్దసారు ఒప్పుకోలేదట.

సుబ్బరత్నం పోయి పెద్దసారు గది గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. లోపలికి పోయేవాళ్ళు ఆవిడను దాటాలి. ఆవిడను దాటే ధైర్యం ఎవరికీ లేదు. ఆఖరికి పెద్దసారే బయటికి వచ్చాడు.

"అమ్మా, అది ఇంకా నేర్చుకుంటున్న విద్య. దాన్ని పట్టుకుని మేం రోగం రాసివ్వకూడదు."

"నేర్చుకున్నారా, లేదా?"

"ఏమిటి?"

"మా నలుగురి తోలు కోశారు. చూశారు. ఏదో ఒకటి నేర్చుకున్నారా, లేదా? నీ ఒంట్లో సగం లోపముంది, నీ మనవరాలికి మొత్తం లోపమేనని నా మొహాన చెప్పడానికి ఆ ఎలుకమందు పనికొచ్చింది. మా పిల్లని బళ్ళో కూర్చోబెట్టడానికి పనికిరాదా? సర్టిఫికెట్ నేనడగలా. ఏం చూశారో అది రాయమంటున్నా. చూడనిది రాయబాకండి."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత అన్నాడు: "రాస్తే మొత్తం రాయాలి. పిల్లది ఒక్కటే రాస్తే ఎవరూ నమ్మరు. మీ ముగ్గురివీ రాస్తేనే ఇది ఇంట్లో వచ్చినదని, అంటుకునేది కాదని తేలుతుంది."

కోటేశ్వర్లు అక్క భుజం పట్టుకున్నాడు. "వద్దక్కా. నీ పేరుతో ఊళ్ళోకి పోద్ది. రేపు నిన్నే అంటారు."

సుబ్బరత్నం భుజం విదిల్చుకుంది. ఊళ్ళో ఒకరి చేత మాట పడని మనిషి. ఆ మాటలన్నీ తన చేత్తో తనే మోసుకుపోవాలి.

"రాయండి" అంది. "సుబ్బరత్నంలో సగమేనని రాయండి. తెలుగులో రాయండి. నేను రెండో తరగతి చదివా. నాకు రానిది నేను పట్టుకుపోను."

అబిదా తన చేత్తో తెలుగులో రాసింది. ఇది పరిశోధనలో చూసిన సంగతి అని మొదటి వాక్యంలోనే రాసింది. పెద్దసారు సంతకం చేసి ముద్ర వేశాడు.

ఇన్నయ్య ఊరికి వచ్చే రోజు కనుక్కుని, సుబ్బరత్నం మనవరాలి చెయ్యి పట్టుకుని బడికి పోయింది. పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరున్నాడు, బోరింగు దగ్గర బిందె తన్నిన ఆడమనిషి ఒకతె కూడా గోడవతల నుంచి తొంగి చూస్తోంది. ఇన్నయ్య కాగితం అందుకోబోతే సుబ్బరత్నం ఇవ్వలేదు. తనే చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఒత్తుల దగ్గర ఆగి, చెమటలు కక్కుతూ చదివింది. తన పేరు వచ్చిన చోట గొంతు ఇంకా పెంచింది.

గోడవతల నుంచి మాట వినిపించింది. "అయితే ఆ ఇంటి రక్తమే మంచిది కాదన్నమాట."

"అవునే, మంచిది కాదు!" సుబ్బరత్నం అటు తిరిగి అరిచింది. "నా దగ్గర్నుంచే వచ్చింది. చూసుకోకుండా నేనే చేశా ఆ పెళ్ళి. చాలా? ముట్టుకుంటే నీకంటదు గదా? రేపు మా మంగమ్మ బిందె మీద కాలు పెట్టు, చెబుతా."

ఆవిడ ఇచ్చిన కాగితాన్ని ఇన్నయ్య మళ్ళీ తనే చదువుకున్నాడు. నవ్వలేదు. రిజిస్టరు తీసి పేరు మీద గీత గీశాడు. "పేరు కనపడతానే ఉంది" అంది సుబ్బరత్నం. ఇంకో రెండు గీతలు గీశాడు. "తేదీ వేసి సంతకం పెట్టు" అంది. పెట్టాడు.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా, రానిద్దాం. కొన్నాళ్ళు వెనక, విడిగా కూర్చోమందాం. మిగతా పిల్లల తల్లిదండ్రులు..."

సుబ్బరత్నం ఆయన మాట పూర్తి కానివ్వలేదు. ఆరో తరగతి గదిలోకి నడిచింది. ముందు వరసలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలను "జరగండే" అంది. వాళ్ళు జరిగారు. మహాలక్ష్మిని వాళ్ళ మధ్యలో కూర్చోబెట్టింది.

"దీన్ని పరిగెత్తించబాకండి సారూ. గుండె మంచిది కాదు. ఆటల పీరియడ్లో నీడపట్టున కూర్చోబెట్టండి. పాఠం మాత్రం ముందు నుంచే చెప్పండి. మళ్ళీ వెనక్కి పంపారని తెలిస్తే, నేనొచ్చి మీ కుర్చీలో కూర్చుంటా."

గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. పాఠం మొదలు కాలేదు. పిల్లలంతా ఆవిడనే చూస్తున్నారు. మహాలక్ష్మి సిగ్గుతో తల దించుకుని, పక్కపిల్ల పుస్తకంలోకి చూస్తూ, పళ్ళ మధ్య నుంచి అంది:

"నువ్వింక పో అమ్మమ్మా."

"పోతాలేవే" అంది సుబ్బరత్నం. పోలేదు. సారు బోర్డు మీద సుద్దముక్క పెట్టేదాకా నిలబడే ఉంది.